అంత్యదినాల పాట: ఎవరిని హెచ్చరించాలి?



ఆగమన కాలం సమీపించగానే ప్రభువు రెండవ రాకడపై పాట కట్టాలన్న కోరిక మన యువతీ యువకులకు కలగడం సహజం. చీకటి కమ్మిన సూర్యుడు, రాలే నక్షత్రాలు, బూర ధ్వని! పల్లవి ఇట్టే కుదురుతుంది. డప్పు మీద దెబ్బ పడగానే వినేవారి గుండె జల్లుమంటుంది. కాని భయపెట్టి మనుషులను దేవుని వద్దకు తోలుకురావడం న్యాయమేనా?

2009 అక్టోబరులో తుంగభద్ర, కృష్ణా నదులు పొంగి గద్వాల ప్రాంతంలోని అలంపురం, రాజోలి నీట మునిగాయి. ఎందరో ఇళ్లు కోల్పోయారు. అట్టి విపత్తును ఒక చరణంలో పెట్టి, 'ఇది పాపానికి శిక్ష' అని పాడితే ప్రాస కుదరవచ్చు. ఇల్లు పోయిన తల్లి ఆ పాట వింటే ఆమె మనసు ఏమవుతుంది? సిలోయము గోపురం కూలి మరణించిన పద్దెనిమిది మంది ఇతరులకంటె ఎక్కువ పాపులు కారని ప్రభువే తెలిపారు (లూకా 13:4-5). చనిపోయినవారిని నిందించలేదు, వింటున్నవారినే హృదయ పరివర్తనకు పిలిచారు.

అలాగని తీర్పును పాటలోంచి తీసివేయమని కాదు. తుది తీర్పే లేకపోతే, వనపర్తి, నాగర్‌కర్నూలు పల్లెల నుండి వలస వెళ్లి, చేసిన పనికి కూలి దక్కని పేదవానికి న్యాయం ఎక్కడ? బలవంతునికి భయం పుట్టించే మాటే బలహీనునికి ఊరట. మధ్యయుగాల నాటి 'దీయెస్ ఈరే' అనే లతీను తీర్పు గీతం శతాబ్దాల పాటు మృతుల దివ్యపూజలో వినిపించింది. రెండవ వాటికన్ మహాసభ తరువాత జరిగిన సంస్కరణలో, పునరుత్థాన నిరీక్షణకు ప్రాధాన్యమిస్తూ దానిని ఆ పూజ నుండి తొలగించారు. అయినా గడియల ప్రార్థనలో, పూజా సంవత్సరపు చివరి వారానికి దానికి చోటు కల్పించారు. తిరుసభ తీర్పును దాచలేదు. దుఃఖంలో ఉన్నవారిపై దాని భారం మోపలేదు.

పూజలో పాడే పాటల మాటలు కతోలిక బోధకు అనుగుణంగా ఉండాలని, ముఖ్యంగా పవిత్ర గ్రంథం నుండి గ్రహించాలని 1963లో మహాసభ ఆదేశించింది. కనుక ఆ దినము, ఆ గడియ ఎవరికీ తెలియవని ప్రభువు చెప్పగా (మత్తయి 24:36), మన పాట తేదీలు సూచించరాదు. భయంకర దృశ్యాల గ్రంథమని మనం తలచే దర్శన గ్రంథం కూడా స్తుతిగీతాలతో నిండి ఉంది; దేవుడు కన్నీటిని తుడిచే దృశ్యం వైపు నడుస్తుంది (21:4).

పాట కట్టే సోదరీ సోదరులారా! ఆకలిగొన్నవానికి అన్నం పెట్టావా అన్న ప్రశ్న (మత్తయి 25) మీ చరణంలో ఉండనివ్వండి. ఆ ప్రశ్న పొరుగువాని కంటె ముందు, పాడే నోటినే అడగాలి.