మిగిలిన మన్ను

కోనసీమలోని మా స్వగ్రామమందు, కాలువగట్టునకు దిగువనున్న 50 సెంట్ల కొబ్బరితోటలో ఒక ఇల్లు కట్టుకొని శేషజీవితమును అచ్చటనే గడపవలెనని నేనును నా సహధర్మచారిణియు సంకల్పించి, శంకుస్థాపనకు పూర్వము భూపరీక్ష చేయించిన దినమున, మేస్త్రి మూరెడు వెడల్పున, మూరెడు లోతున గుంత త్రవ్వి, తీసిన మన్నునంతయు మరల దానిలోనే పోసి అరచేతితో చదును చేసెను. గుంత నిండినది, గట్టున ఇంకను రెండు దోసిళ్ల మన్ను మిగిలినది. "మన్ను మిగిలిందండి మాష్టారూ, మంచి నేల. ఇంక నిశ్చింతగా కట్టుకోండి" అని అతడు చేతులు దులుపుకొనెను. 6వ శతాబ్దమున వరాహమిహిరుడు బృహత్సంహితలోని వాస్తువిద్యాధ్యాయమునందు చెప్పిన పరీక్షయు ఇదియే. మన్ను మిగిలిన నేల ఉత్తమము, సరిపోయినది మధ్యమము, చాలనిది అధమము. ఆ గ్రంథమును కంటనైన చూడని మా మేస్త్రికి ఆ విద్య తాతముత్తాతల చేతుల మీదుగా వచ్చినది.

అయితే ఆ మిగిలిన మన్నులో శుభశకునముతోపాటు వేరొకటియు నాకు గోచరించినది. గునపపు మొనకు రెండుగా తెగి మెలికలు తిరుగుచున్న వానపాము, గ్రుడ్లను నోట కరచుకొని దిక్కు తెలియక పరుగిడుచున్న చీమలు, తెల్లని గరికవేళ్లు, వాని నడుమ ఏనాటిదో పొగచూరిన ఒక కుండపెంకు. ఆ కుండలో ఎవరో అన్నము వండుకొనిరి. ఎవరో ఈ చోటినే మా ఇల్లు అనుకొనిరి. రిజిస్ట్రారు కచేరిలోని దస్తావేజు నాలుగు హద్దులను పేర్కొని ఈ నేల నాదని నిర్ణయించుచున్నది. గాని దానిని వ్రాయించిన నాడు ఈ చీమల సమ్మతిని గాని, ఆ కుండవారి జ్ఞాపకమును గాని విచారించినవారు లేరు. మునుపే పరులకు నివాసమైన చోట మన నివాసమును నిలుపుకొనుట ధర్మమెట్లగును? 'నాది' అను మాటయే బంధహేతువని శాస్త్రములు ఘోషించుచుండగా, ఆ మాటకే ఇటుకలతో గోడలు లేపుకొను గృహస్థునకు తరణోపాయమేమి? గదులెన్ని, ద్వారములెన్ని అను ప్రశ్నలకు ముందు ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుకొననిదే ఇంటి నమూనాపై గీత గీయరాదని ఆనాడు నాకు తోచినది.

మన పూర్వులు ఈ శంకను ఎరుగనివారు కారు. అంధకాసురునితో పోరిన వేళ పరమశివుని లలాటమునుండి నేల రాలిన చెమటబిందువులో ఒక మహాభూతము జనించినదనియు, తీరని ఆకలితో అది ముల్లోకములను మ్రింగబూనగా దేవతలు దానిని బోరగిల ద్రోసి ఎవరు పట్టిన అవయవముపై వారే కూర్చుండిరనియు, ఇట్లు కదలనీయక అణచితిరి గదా, నా ఆకలికి దారియేదని అది మొరపెట్టుకొనగా, ఇల్లు కట్టువారు సమర్పించు బలి దానికి ఆహారమగునట్లు అనుగ్రహించిరనియు మత్స్యపురాణము చెప్పుచున్నది. ఆ వాస్తుపురుషుడే ఈశాన్యమున శిరస్సును, నైరుతిని పాదములును ఉంచి, తనపై కొలువైన 45 మంది దేవతల భారమును మోయుచు ప్రతి ఇంటి క్రిందను పరుండియున్నాడు. దీనిని కట్టుకథయని త్రోసిపుచ్చువారు తొందరపడుచున్నారని నా అభిప్రాయము. ఒకరిని అణచినగాని మనకు నిలువ నీడ లేదు. అణగినవాని ఆకలికి పైన నిలిచినవాడే పూచీపడవలెను. ఇంతకంటె స్పష్టమైన నీతిని ఏ ధర్మశాస్త్రము చెప్పగలదు? దేవతాప్రతిమకై చెట్టును కొట్టబోవువాడు ముందటి రాత్రి దాని మొదట బలియుంచి, ఆ చెట్టును ఆశ్రయించిన భూతములకు నమస్కరించి, మరియొక తావునకు తరలిపొండని వేడుకొనవలెనని బృహత్సంహిత విధించుటలోనున్న వినయమును ఇట్టిదే.

ఇల్లు లేచిన పిమ్మట సైతము ఆ ఋణము తీరదు. పొయ్యి, సన్నికల్లు, చీపురు, రోలు, నీళ్లకుండ అను నైదును గృహస్థుని ఇంట నిత్యము ప్రాణిహింస జరుగు తావులని మనుస్మృతి మూడవ అధ్యాయము చెప్పి, ఆ దోషనిష్కృతికై పంచమహాయజ్ఞములను విధించినది. కుక్కకు, కాకికి, క్రిమికీటకములకు నేలపై అన్నముంచవలెనన్నది. అతిథి భుజించిన పిదప మిగిలినదే ఇంటివాని భోజనమన్నది. ఈ శ్లోకములను వల్లింపకయే మా అమ్మ ప్రతి ఉదయమును వాకిట బియ్యపుపిండితో ముగ్గు పెట్టెడిది. ప్రొద్దెక్కు వేళకు చీమలు ఆ ముగ్గును కొంచెము కొంచెముగా మోసుకొనిపోవుచుండ, చుక్కలు మాసిపోవుటను చూచి ఆమె సంతోషించుచుండెను. నేడు సన్నికల్లుకు బదులు మిక్సీయు, కట్టెలపొయ్యికి బదులు గ్యాసుపొయ్యియు వచ్చినంతమాత్రమున ఋణవిముక్తి కలుగలేదు. గోదావరి గర్భమునుండి తవ్వి తెచ్చు ప్రతి లారీ ఇసుకతోను, కొండను కరగించి చేసిన ప్రతి బస్తా సిమెంటుతోను ఆ పద్దు పెరుగుచునే యున్నది.

ఇట్లయిన ఇల్లు కట్టుటయే మానరాదా? భగవద్గీత పండ్రెండవ అధ్యాయమున భక్తుని లక్షణములలో 'అనికేతుడు' అను పదమొకటి కలదు. శంకరభగవత్పాదులు దానికి నియతమైన నివాసము లేనివాడని అర్థము చెప్పిరి. రామానుజులు గృహాదులయందు ఆసక్తి లేనివాడని చెప్పిరి. మొదటి అర్థము సన్న్యాసికి బాట చూపుచున్నది. రెండవది గృహస్థునకు ఆశ చూపుచున్నది. గాని ఆసక్తి లేకుండుట మాటలలో సులభము, మనస్సున కష్టతరము. తన చెమటతో కట్టించుకొన్న గోడను తడిమి చూచుకొను చేయి, ఆ గోడ నాది కాదని ఎట్లు నమ్మును? వైరాగ్యమును హృదయమునకే విడిచినచో అది వట్టి సంకల్పముగా మిగులును. దానికి ఇంటిలోనే ఒక ఆకృతి ఉండవలెను. దినదినము కంటికి కనబడవలెను, కాలికి తగులవలెను.

ఆ ఆకృతిని నేను బాల్యముననే చూచితిని. అర్థము మాత్రము ఇన్నేండ్లకు తెలిసినది. మా తాతగారిది మండువా లోగిలి. నాలుగు ప్రక్కల గదులు, వాని ముందు టేకు స్తంభములపై నిలిచిన పంచలు, ఆ పంచల పెంకుటికప్పులు నాలుగును లోపలికే వాలి, నడుమ చతురస్రముగా ఆకాశమునకు విడిచిన చోటు. శ్రావణమాసమున జడివాన పట్టినప్పుడు నాలుగు చూరులనుండియు నీరు నాలుగు తెరలై దిగుచుండెను. మా నాయనమ్మ మూలలయందు గంగాళములు పెట్టి ఆ నీటిని పట్టెడిది. పట్టగా పొరలినది తూము వెంట పెరటి కొబ్బరిచెట్ల మొదళ్లకు పోయెడిది. పంట ఇంటికి వచ్చిన దినములలో చూరునకు వ్రేలాడదీసిన వరికంకుల కుచ్చులపై పిచ్చుకలు వ్రాలి గింజలు ఒలుచుకొనుచుండగా, అవి రాల్చిన ఊకను ఆమె విసుగు లేక ఊడ్చుచుండెడిది. ఎండయు వానయు వెన్నెలయు ఎవరి అనుమతియు కోరక ఆ ఇంటి నడిమికి వచ్చిపోవుచుండెను.

వాస్తుశాస్త్రమున ఆ నడిమి చోటు బ్రహ్మస్థానము. 81 పదముల మండలమున నడిమి 9 పదములును, 64 పదముల మండలమున నడిమి 4 పదములును బ్రహ్మకు చెందును; అచ్చట గోడ గాని స్తంభము గాని నిలుపరాదు. అనగా ఇంటివాడు తన నేలలో తొమ్మిదవ వంతునో పదునారవ వంతునో, అదియు ఎవరికిని పనికిరాని మూలను గాక సరిగా హృదయస్థానమును, తనది కాదని విడిచిపెట్టుచున్నాడు. అనికేతుడగుటకు ఇల్లు విడువనక్కరలేదు, ఇంటి నడుమ కొంత చోటు విడిచిన చాలునని ఆ శిల్పము నాకు బోధించినది. ఏ ఇంటికి వెలుగు తనది కాని చోటునుండి వచ్చుచున్నదో, ఆ ఇంటివానికి 'నాది' అను మాట నోట తిరిగినప్పుడెల్ల ఒక తడబాటు కలుగును. ఆ తడబాటే అతనికి తరణోపాయము.

ఇంతలో ఒక సత్యమును దాచినచో ఈ వ్యాసము అసత్యమగును. భూపరీక్షనాడే, కొబ్బరిబొండము త్రాగుచు, మేస్త్రి తలవంచుకొని యిట్లనెను: "మీ తాతగారి ఇల్లు కట్టింది మా తాతేనండి. మండువా స్తంభాలన్నీ ఆయన నిలబెట్టినవే. గృహప్రవేశమైనాక మాత్రం వీధరుగు దాటి లోపలికి రాలేదండి." అతని కంఠమున నిష్ఠురము లేదు, అందువలననే ఆ మాట నన్ను మరింత గాయపరచినది. ఆకాశమునకును పిచ్చుకలకును హృదయమునే తెరచిన ఆ లోగిలి, దానిని కట్టిన మనిషికి గడప వద్ద అడ్డుపడినది. 1955లో అస్పృశ్యతానేరముల చట్టము వచ్చినది. గాని గడపలోని ద్వేషము చట్టముతోనే కరగిపోలేదు. బ్రహ్మకు విడిచిన చోటు మనుష్యునకు విడువబడనంత కాలము అది త్యాగము కాదు, అలంకారము. పూర్వుల శిల్పమును స్వీకరించువాడు పూర్వుల దోషమును సవరించు బాధ్యతను కూడ స్వీకరించవలెను.

నేటి వాస్తువును గూర్చియు ఒక మాట. ఈ దిక్కున తలుపు పెట్టిన ధనము వచ్చును, ఆ మూల గుంత పడిన ప్రాణగండమని భయపెట్టు వర్తకము ఊరూర సాగుచున్నది. ఈ నేల నాకేమి ఇచ్చునని అడుగుట ఆ వర్తకము. ఈ నేలకు నేనేమి అచ్చియున్నానని అడుగుట ఆ శాస్త్రమునకు ప్రాణము.

ఈ విచారమంతయు మా ఇంటి నమూనాలో ఎట్లు పరిణమించినదో చెప్పి ముగింతును. నమూనా గీసిన యువకుడు మండువాపై స్లాబు వేసినచో దోమల బెడద తప్పి, చక్కని హాలు కలిసివచ్చునని సూచించెను. దోమల మాట నిజమే. ఆ బెడదను సహింపవలసినది నేనే. గాని నేను బదులు పలుకకముందే నా భార్య, "వాన ఇంట్లోకి రాకపోతే పల్లెకి రావడం ఎందుకండీ?" అని నావైపు చూచెను. మండువా నిలిచినది. తోట ఈశాన్యమూల ఒక పుట్ట కలదు; కార్తీకమున నాగులచవితినాడు ఇరుగుపొరుగు స్త్రీలు వచ్చి దానిలో పాలు పోయుదురు. దానిని త్రవ్వించుటకు బదులు పునాదిని 6 అడుగులు పడమరకు జరిపి, అచ్చటికి వీధినుండి అందరును వచ్చిపోవునట్లు ప్రహరిలో దారి విడిచితిమి. 1986 ఆగస్టు వరదలో నీరు నిలిచిన మట్టమునకు మూరెడు ఎత్తున పునాదిని లేపితిమి. ఇట్టి వరద మరల వచ్చినచో లోతట్టువారు వచ్చి తలదాచుకొనుటకు పంచలు విశాలముగా పెట్టించితిమి. వీధి అరుగును వీడలేదు. గాని అరుగునుండి మండువాకు సూటిగా, ఎవరికిని ఆటంకము లేని ద్వారము పెట్టించితిమి. గృహప్రవేశమున ముందుగా ఆవును దూడను లోనికి నడిపింతురు. వాని వెంట మేస్త్రి దంపతులు నడువవలెననియు, వారి వెనుక మేము నడుతుమనియు అతనికి చెప్పితిని. అతడు బదులు చెప్పక తాపీని మరియొక చేతికి మార్చుకొనెను.

అతిథులకు పెట్టగా మిగిలిన అన్నమునకు విఘసమనియు, యజ్ఞము చేయగా మిగిలినదానికి అమృతమనియు మనువు పేర్లు పెట్టెను. గుంత నిండిన పిమ్మట మిగిలిన మన్నునుబట్టి నేలను ఉత్తమమని ఎందుకు నిర్ణయించిరో ఇప్పుడు నాకు తెలియుచున్నది. తన అవసరము తీరగా పరులకు మిగుల్చు నేల వంటిదే ఉత్తమమైన ఇల్లు. ఆ రెండు దోసిళ్ల మన్నును నా భార్య కొబ్బరిమట్టల బుట్టలోనికెత్తి, కుండపెంకుతో సహా చెట్టునీడన భద్రపరచినది. మండువా నడుమ తులసికోట కట్టిన నాడు దానిలో మొదట పడవలసినది ఆ మన్నే.