ఆప్తుఁడెవఁడు?

న్యాయవాది కార్యాలయములో జ్ఞానము ఎచ్చట నుండును? ఈ ప్రశ్న నాకు మొదట తోఁచినది ఒక తాలూకా పట్టణములో, ప్లీడరుగారి వసారాలో. ఆయన గుమాస్తా తెల్లవారినది మొదలు చాపమీఁద కూర్చుండి, ఎఱ్ఱగుడ్డ మూటలు విప్పుచు, ఇరువదియేండ్లనాటి దావా నకలునైనను అరనిమిషములో తీసి యిచ్చెడివాఁడు, అంతటితో నూరకుండక, “అయ్యగారూ, ఈ మూడో పేరా మట్టుకు దింపకండి, ఆనాడు మునసబుగారు దానిమీదే దావా కొట్టేశారు” అని హెచ్చరించెడివాఁడు. కాగితము మూటలో నుండెను. హెచ్చరిక యే మూటలోను లేదు.

లండను నగరములోని పెద్ద లా ఫర్ములు 1990 దశకములో ఈ గుమాస్తానే వేఱొక వేషమున నిలుపుకొన్నవి. కక్షిదారుల పని విడిచి, మాదిరి దస్తావేజులను దిద్దుచు, క్రొత్త చట్టములను తీర్పులను తోడివారికి విడమఱచి చెప్పుచు, పిన్నలకు శిక్షణమిచ్చెడి న్యాయవాదులను ప్రొఫెషనల్ సపోర్ట్ లాయర్లనిరి. నేఁడు వారినే నాలెడ్జ్ లాయర్లనుచున్నారు. 1990లో ఆ నగరముననే వెలసిన ప్రాక్టికల్ లా కంపెనీ అట్టి మాదిరులనే చందాకు అమ్మి, 2013లో థామ్సన్ రాయిటర్సు వశమయ్యెను. బజారున దొరకునది ఇంట వండనేల యను సందేహము నాఁటినుండి యజమానులను వదలలేదు. ఆ ఫర్ములలో న్యాయవాది కాలము ఆఱేసి నిమిషముల తునుకలుగా కక్షిదారు పద్దుకెక్కును గాని, నాలెడ్జ్ లాయరు కాలము చాలవఱకు ఖర్చు పద్దులోనే మిగులును. విద్య పంచినకొలఁది పెరుగునని చిన్ననాటినుండి వినుచున్నాము. పంచెడివాని జీతము ఎవరి లెక్కలో వ్రాయవలెనో మాత్రము ఏ పెద్దయు చెప్పలేదు.

2023 ఫిబ్రవరిలో అలెన్ అండ్ ఓవరీ యను లండను ఫర్ము, తన 3,500 మంది న్యాయవాదులకు హార్వీ యను కృత్రిమమేధా యంత్రమును అందించుచున్నామని ప్రకటించినది మొదలు, ఫర్ముల నాలెడ్జ్ విభాగములలో ప్రాధాన్యములు తలక్రిందులైనవి. మాదిరులు కూర్చువారి సరసన దత్తాంశ నిపుణులు చేరిరి. పాఁతబడిన చిత్తులను ఏఱిపాఱవేయుట, యంత్రమునకు ఏ పత్రము చూపవలెనో ఏది చూపరాదో తేల్చుట, అది యిచ్చిన జవాబును పరీక్షించుట క్రొత్త కొలువులైనవి.

ఇచ్చటనే మన దర్శనకారుల పాఁత వివాదమొకటి అనుకోని చోట తలయెత్తినది. జ్ఞానము స్వతఃప్రమాణమనియు, బాధకము కనఁబడువఱకు దానిని నమ్మవచ్చుననియు మీమాంసకుఁడనును. కాదు, దాని ప్రామాణ్యము వేఱొకదానిచేతనే తేలవలెనని నైయాయికుఁడనును. న్యాయవాదుల గ్రంథాలయములన్నియు తరతరములుగా మీమాంసకుని మతముననే నడచినవి: బీరువాలోని తీర్పు కొట్టివేయఁబడినట్లు తెలియువఱకు చెల్లును. అది సోమరితనము గాదు. ఆ తీర్పు చెప్పిన న్యాయమూర్తికి, దానిని అచ్చువేసిన ప్రకాశకునికి పేరుండెను. మితాక్షర యను ధర్మశాస్త్ర వ్యాఖ్య వెనుక విజ్ఞానేశ్వరుఁడు, దానిని తెలుగు పద్యములలోనికి తెచ్చిన కేతన నిలిచియున్నట్లే, ప్రతి వాక్యము వెనుకను అడుగఁదగిన మనిషి యొకఁడుండెను.

యంత్రవాక్యమునకో, అట్టివాఁడు లేఁడు. దోషములు వక్తవి గనుక, వక్తయే లేనిచోట దోషమునకు తావులేదని వేదవిషయమున మీమాంసకుఁడు వాదించెను. యంత్రము ఆ వాదమును పరిహసించుచున్నట్లు తోఁచును గాని, యథార్థమునకు అది అపౌరుషేయము గాదు. వేలమంది పురుషుల మాటలను చిలికి వక్తను మఱుగుపఱచినది మాత్రమే. న్యూయార్కుకు పోవు విమానములో బండి తగిలి మోకాలు నొచ్చెనని ఒక ప్రయాణికుఁడు ఏవియాంకా సంస్థపై వేసిన దావాలో, అతని న్యాయవాదులు చాట్‌జీపీటీ కల్పించిన తీర్పులను కోర్టునకు సమర్పించిరి. అనుమానము పుట్టి, ఇది నిజమైన కేసేనా యని ఆ యంత్రమునే అడుగఁగా, నిజమేనని బదులు వచ్చెను. 2023 జూనులో న్యాయమూర్తి కాస్టెల్ 5,000 డాలర్ల జరిమానా విధించుచు, యంత్రమును వాడుట తప్పు గాదు, సరిచూచు భారము న్యాయవాదిదే యనెను. ఇంతకంటె స్పష్టముగా పరతఃప్రామాణ్యమును ఏ నైయాయికుఁడు చెప్పఁగలఁడు?

వస్తువును సాక్షాత్తుగా ఎఱిఁగి, ఎఱిఁగినది ఎఱిఁగినట్లు చెప్పఁగోరువాఁడు ఆప్తుఁడని న్యాయభాష్యకారుఁడైన వాత్స్యాయనుఁడు నిర్వచించెను. యంత్రమునకు ఆ యెఱుకయు లేదు, ఆ కోరికయు లేదు. కనుక నాలెడ్జ్ లాయరు చేయునది యిఁక భాండాగారికుని పని గాదు, పూఁటపడుట. ఆ గుమాస్తా హెచ్చరికయే ఇప్పుడు కొలువైనది. యంత్రము వచ్చినదిగదా యని వీరి సంఖ్యను తగ్గింపనెంచు యజమానులు, ఆ వాక్యముల క్రింద చేవ్రాలు ఎవరిదో ముందుగా నిర్ణయించి, పిమ్మట జీతముల పట్టిక విప్పుదురుగాక.