ఓర్పు వేరు, క్షమ వేరు

ఓర్పు, క్షమ యను రెండు మాటలను మన యిండ్లలో నొకదానికి బదులొకటిగా వాడుచుందుము. 2014వ సంవత్సరమున విడుదలయిన ‘అన్‌బ్రోకెన్’ అను నమెరికా చలనచిత్రమును జూచిన పిమ్మట ఈ రెంటి నడుమ నెంత యంతరము గలదో మాకు దోచినది.

ఆ కథ కల్పితము కాదు. లూయీ జాంపెరీని 1936లో బెర్లిను ఒలింపిక్సునందు 5,000 మీటర్ల పరుగులో నెనిమిదవవాడుగ వచ్చిన యువకుడు. 1943 మే నెలలో నతడున్న యుద్ధవిమానము పసిఫిక్ మహాసముద్రమున గూలెను. పదునొకండుగురిలో మువ్వురే బ్రతికిరి. వారిలో నొకడు తెప్పమీదనే మరణించెను. 47 దినములు కొట్టుకొనిపోయి తక్కిన యిద్దరును జపానువారికి జిక్కిరి. చెరలో ముత్సుహిరో వతనబే యను సైనికుడు జాంపెరీనిని ప్రత్యేకించి హింసించెను.

లారా హిలెన్‌బ్రాండ్ 2010లో ప్రకటించిన గ్రంథము ననుసరించి ఏంజెలీనా జోలీ ఈ చిత్రమును నిర్మించి దర్శకత్వము వహించెను. తెప్పమీది దృశ్యములకై నటులు తమ దేహములను శుష్కింపజేసికొనిరి. వతనబే పాత్రను మియావీ యను జపాను సంగీతకారుడు ధరించెను. ఖైదీ బరువైన దూలమును తలపై కెత్తి నిలుచు ఘట్టము మరపురానిది. కాని కథ చెరవిడుదలతో ముగియును. పిదప జరిగినది చివర కొన్ని వ్రాతలలో మాత్రమే తెలుపబడినది. ఓర్పు కంటికి గనబడును. క్షమ లోలోపల జరుగును. కావున దర్శకురాలిని మేము తప్పుపట్టము. అయినను, ఓర్పే విజయమని తలచి ప్రేక్షకు డింటికి బోవును.

నిజమట్లు లేదు. ఇల్లు చేరిన జాంపెరీని పీడకలలకును మద్యమునకును లోనై, వతనబేను జంపదలచెను. హింస యోడింపలేని మనిషిని ద్వేష మోడించినది. 1949లో లాస్ ఏంజిలిస్‌లో బిల్లీ గ్రాహము ప్రసంగము విని యతడు మారెను. 1950లో టోకియోలోని సుగామో చెరసాలకు బోయి, తన్ను గాచిన పూర్వపు కావలివారిని క్షమించెను. ఆ క్షమ చెరసాల తాళములను దెరువలేదు. చట్టము తన పనిని తాను జేసికొనుచునే యుండెను. వతనబే మాత్రము దాగి శిక్ష దప్పించుకొనెను. 1998లో జాంపెరీని కలియగోరినను ఒప్పుకొనలేదు.

పశ్చాత్తాపపడని వానిని క్షమించుట పిరికితనము కాదా యని చదువరులడుగవచ్చును. కాదని మా యభిప్రాయము. ఓర్పు బలవంతుడు మనచే జేయించునది. గత్యంతరము లేనప్పుడే యది గొప్ప. క్షమ మన మంతట మనము చేయునది. దానికి దోషి యనుమతి యక్కరలేదు. అట్లే దానిని మన చేత జేయించు నధికారము మూడవవాని కెవ్వనికిని లేదు.

ఈ భేదమును మరచియే మన పెద్దలు దెబ్బలు తిన్న కోడలితో ‘భూదేవివలె నోర్చుకొమ్మ’ని చెప్పి, దానికే క్షమయని పేరు పెట్టుచుందురు. మార్గమున్నచోట నోర్పును బొగడుట కొట్టినవాని పక్షమున నిలుచుటయే. ముందా చేతిని పట్టి యాపుడు. క్షమించుటయో మానుటయో ఆమె తీరిక చేసికొని తానే నిర్ణయించుకొనును.