కొండదారిలో బరువు: అహోబిల నవనారసింహ యాత్ర

గోదావరి జిల్లాలలో దాళ్వా కోతలు ముగిసి కాలువలు కట్టివేయు దినములు వైశాఖమాసమునకు దగ్గరగా వచ్చును. ధవళేశ్వరము వద్ద 1852లో ఆనకట్ట పూర్తియైన తరువాత నీటికి కొరత యెరుగని గ్రామములకు, సంవత్సరమున కొకమారు నీటి విలువను గుర్తుచేయు దినములవి. రైతు గృహస్థునకు కొంత తీరిక కలుగును. తీర్థయాత్రల తలంపు వచ్చును. ఆ మాసముననే శుద్ధ చతుర్దశినాడు శ్రీ నృసింహ జయంతి. వసిష్ఠా గోదావరి సాగరమున కలియు అంతర్వేదిలోను, రాజమహేంద్రవరమునకు ఉత్తరముననున్న కోరుకొండ మీదను స్వామిని సేవించుకొను కుటుంబముల మనస్సు, ఆ దినములలో నల్లమల కొండల నడుమనున్న అహోబిలమునకు పరుగిడుట సహజము.

అహోబిలము నంద్యాల జిల్లాలో ఆళ్ళగడ్డకు సమీపమున నున్నది. 108 దివ్యదేశములలో నొకటి. తిరుమంగై ఆళ్వారు పెరియ తిరుమొళిలో పది పాశురములతో ఈ క్షేత్రమునకు మంగళాశాసనము చేసిరి. ఎండిన చెట్లు, నిప్పులు చెరగు గాలి, క్రూరమృగములు గల దుర్గమ స్థలముగా వారు దీనిని వర్ణించిరి. నేడు ఎగువ అహోబిలము వరకు బాట యున్నది. ఐనను తొమ్మండుగురు నారసింహులను సేవింపగోరువారు అడవిదారిని నడువక తప్పదు.

తొందరపడక చేసినచో ఈ యాత్రకు మూడు దినములు పట్టును. మొదటి దినమున దిగువ అహోబిలమున ప్రహ్లాదవరదుని సేవించి, ఆ చుట్టుపట్లనున్న భార్గవ, యోగానంద, ఛత్రవట నారసింహులను దర్శింపవచ్చును. రెండవ దినమున ఎగువ అహోబిలమున గుహలో వెలసిన అహోబల నారసింహుని సేవించి, భవనాశినీ తీరమున రాళ్ళదారిని సాగి వరాహ నారసింహుని, ఆపై జ్వాలా నారసింహుని, మాలోల నారసింహుని చేరవలెను. మూడవ దినమున అడవిలోపలి పావన నారసింహుని, తిరుగుదారిలో కరంజ వృక్షము క్రిందనున్న స్వామిని సేవించి, బయలుదేరిన దిగువ సన్నిధికే మరల వచ్చుట పరిపాటి. ఎక్కడ మొదలైనదో అక్కడనే ముగియుటచే ఈ నడక ప్రదక్షిణమైనది.

సమతల భూమిలో పుట్టి పెరిగినవారికి కొండ మొదట నేర్పు పాఠము బరువును గూర్చినది. ఇంటివద్ద మూట కట్టునప్పుడు ప్రతి వస్తువును అవసరముగానే తోచును. ఆకలి యగునేమో యని పులిహోర, పిల్లలు అడుగుదురేమో యని పూతరేకుల డబ్బా, నలుగురిలో చిన్నతనమగునేమో యని రెండవ పట్టుచీర. భవనాశిని ఒడ్డున పది మెట్లు ఎక్కుసరికి భుజము నొప్పి పుట్టును. అప్పుడు మూట విప్పి చూచినచో అందు వస్తువులకంటె భయములే యెక్కువగా కనిపించును. భయమునకు తూకము లేదని యిల్లు కదలనివాడు తలంచును. కొండ యెక్కినవాడు దాని బరువును ఎరుగును.

శ్రీవైష్ణవ సంప్రదాయమున శరణాగతికి భరన్యాసమని పేరు. భరమనగా బరువు; న్యాసమనగా ఉంచుట. తన్ను తాను రక్షించుకొను భారమును స్వామి పాదములకడ ఉంచుటయే శరణాగతి. ఇందుకు అంగములు ఐదు: స్వామికి అనుకూలముగా నడతునను సంకల్పము, ప్రతికూలమును విడుచుట, తన అశక్తతను ఎరుగు కార్పణ్యము, మహావిశ్వాసము, రక్షకుడవు కమ్మని వేడుకొనుట. గ్రంథమున చదివినప్పుడు కార్పణ్యము ఒక పదముగా నుండును. జ్వాలా నారసింహుని దారిలో మోకాళ్ళు వణకినప్పుడు అది అనుభవమగును.

అయితే భరన్యాసము చేసినవాడు నీటిపాత్రను కూడ విడిచి నడువవలెనా? అట్లు తలంచుట పొరపాటు. ఎండవేళ నీరులేక అడవిలో ప్రవేశించుట విశ్వాసము కాదు. స్వామి యిచ్చిన దేహమును నిర్లక్ష్యము చేయుట. సూర్యోదయమునకు ముందే బయలుదేరవలెను. ప్రతివారును తమ నీటిని తామే మోయవలెను. అటవీశాఖవారి నియమములను ముందుగా తెలిసికొని, గుంపుగా నడచి, చీకటి పడకమునుపే తిరిగి రావలెను. పులులు తిరుగు ఆ అడవిలో తిన్న ఆకును, త్రాగిన సీసాను వదలి రారాదు. ఇవి యన్నియు ఆనుకూల్య సంకల్పములోని భాగములే. విడువవలసినది నీరు కాదు. "నా బలముచే పూర్తి చేసితిని" అను తలంపు.

ఆ తలంపు ఎంత బలమైనదో తెలియుటకు కోనసీమనుండి వచ్చిన పదిమంది బృందమును భావింపుడు. రెండవ దినమున వరాహ నారసింహుని సేవించినంతనే వారిలో వృద్ధురాలైన అత్తగారి కాళ్ళు సాగలేదు. "నీవు వెళ్ళిరా అమ్మా, నేనిచ్చటనే కూర్చుండెదను" అని ఆమె కోడలితో ననెను. కోడలు "మిమ్ము విడిచి నేను పోను అత్తయ్యగారూ" అని ఆగిపోయెను. తక్కినవారు పైకి పోయి జ్వాలా, మాలోల నారసింహులను సేవించి వచ్చిరి. సాయంకాలమున ఎవరో లెక్కించి, "మీకు రెండు తక్కువైనవి" అనిరి. ఆ మాటతో అత్తగారి కన్నులు చెమర్చినవి. తనవలన కోడలి యాత్ర చెడినదని ఆమె దుఃఖము. నిజముగా చెడినదా?

తిరుమలలో తిరుమలనంబి చరిత్రను తలంచుకొనిన సమాధానము లభించును. ఆయన ప్రతిదినము పాపవినాశనమునుండి స్వామి అభిషేకమునకు కుండతో తీర్థము మోసికొని వచ్చెడివారు. ఒకనాడు బోయరూపమున స్వామి ఎదురై, "తాతా, దాహము" అని అడిగి ఆ నీటిని త్రాగివేసెను. కైంకర్యము భంగమైనదని నంబి దుఃఖించుచుండగా, స్వామి బాణమువేసి సమీపముననే ఆకాశగంగను పుట్టించెనని పెద్దలు చెప్పుదురు. సన్నిధికి చేరలేదని నంబి విలపించిన నీటిని స్వామి దారిలోనే స్వీకరించెను. వృద్ధుని భుజముమీది బరువును కూడ తానే తగ్గించెను. దారిలో అలసినవారి చేతికి అందించిన నీరు సన్నిధికి చేరలేదని ఎవరనగలరు?

మాలోలుని సంగతియే చూడుడు. మా యనగా లక్ష్మి. ఆమెయందు ప్రీతిగలవాడు మాలోలుడు. ఆ స్వామి ఉత్సవమూర్తి ఆదివణ్ శఠకోప జీయరువారి చేతులలోనికి తానై వచ్చెనని అహోబిల మఠ సంప్రదాయము. నాటినుండి మఠాధిపతులైన జీయర్లు ఆ మూర్తిని వెంటనిడుకొని ఊరూర సంచరించుచు ఆరాధించుచున్నారు. కొండ యెక్కలేనివారి కొరకు కొండమీది స్వామి తానే దిగివచ్చెనన్నమాట. పారువేట ఉత్సవముననో, సంక్రాంతి దినములనుండి నెలకు పైబడి అహోబిలేశుడు పల్లకిలో చుట్టుపట్ల గ్రామములన్నియు తిరిగి, ఫాల్గుణ బ్రహ్మోత్సవమునకు క్షేత్రము చేరును. భక్తుడు మూడు దినములు స్వామి చుట్టు తిరుగును. స్వామి యంతకంటె ఎక్కువ దినములు భక్తుల చుట్టు తిరుగును.

కావున ఆ కోడలికి రెండు తక్కువ కాలేదు. రాతిమీద అత్తగారి తలను ఒడిలోనుంచుకొని విసరిన ఆ రెండు గడియలలో, ఆమె యాత్ర ముగింపవలెనను బరువును దించెను. తోడివారి బరువును ఎత్తుకొనెను. భరన్యాసము చేసిన భుజమునకే ఇతరుల బరువు తేలికయగును.

వచ్చు వైశాఖమున అహోబిలమునకు మూట కట్టు గృహస్థులు ఇంటిలోని వృద్ధులను నడువలేరని విడిచి పోకుందురుగాక. వారు నడచినంత దూరమే ఆ కుటుంబమునకు ప్రదక్షిణము. తక్కిన దూరమును శ్రీ లక్ష్మీనృసింహుడు తానే వారికొరకు నడచును.