ఇంట్లోనే ఐదు వధశాలలు

పొయ్యి, తిరగలి, చీపురు, రోలు, నీళ్ళకుండ. పాతకాలపు ఇళ్ళలో తప్పకుండా కనిపించే ఈ ఐదింటినీ మనుస్మృతి మూడో అధ్యాయం ‘సూనలు’ అంటుంది. సూన అంటే వధశాల. పొయ్యిలో పుల్లతోపాటు దాన్ని పట్టుకున్న పురుగూ కాలిపోతుంది. రోకలి కింద గింజలోని పురుగు నలుగుతుంది, చీపురు కింద చీమ చస్తుంది, కుండ దించిన చోట ఏదో ఒక ప్రాణి అణిగిపోతుంది. ఎవరూ కావాలని చేసింది కాదు, మానేద్దామన్నా కుదిరేది కాదు. అయినా ఆ పాపం గృహస్థుకు అంటుతుందని శాస్త్రం తేల్చి, నిష్కృతిగా రోజూ ఐదు యజ్ఞాలు చేయమంది. వేదం చెప్పడం బ్రహ్మయజ్ఞం, తర్పణం పితృయజ్ఞం, హోమం దేవయజ్ఞం, ప్రాణులకు ముద్ద పెట్టడం భూతయజ్ఞం, అతిథిని ఆదరించడం మనుష్యయజ్ఞం. ఈ ఐదు యజ్ఞాలూ మనుస్మృతి కంటే పాతవి, శతపథ బ్రాహ్మణంలోనే ఉన్నాయి.

మనుస్మృతి పేరెత్తగానే మనసు విరిగే పాఠకులు తెలుగునాట లక్షల్లో ఉన్నారు. వాళ్ళకు అందుకు న్యాయమైన కారణముంది. అంబేడ్కర్ నాయకత్వంలో 1927 డిసెంబర్ 25న మహాడ్‌లో ఆ పుస్తకాన్ని తగలబెట్టింది అందులోని కులధర్మం మనుషులను మనుషులుగా చూడనందుకే. ఆ తీర్పు మారనక్కర్లేదు. కాని సూనల ఊహ వెనకున్న ప్రశ్నకు కులంతో పనిలేదు. ఉద్దేశం లేకుండా, బతకడం కోసమే చేసే పనుల వల్ల కలిగే హానికి మనిషి బాధ్యుడా, కాదా?

ఈ ప్రశ్న ఇప్పుడు గ్యాస్ బండ దగ్గరికి వచ్చింది. ఒక కిలో వంటగ్యాస్ మండితే సుమారు 3 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. 14.2 కిలోల బండ అయిపోయేసరికి అది 42 కిలోలకు పైనే. దేశంలో కరెంటు ఇప్పటికీ ఎక్కువగా బొగ్గు నుంచే వస్తోంది కాబట్టి ఒక్క యూనిట్ వాడితే దాదాపు 0.7 కిలోలు. లీటరు పెట్రోలుకు 2.3 కిలోలు. పప్పు ఉడకబెట్టిన ఇల్లాలికి గాని, బండి మీద పిల్లలను బడికి దింపిన తండ్రికి గాని ఎవరికీ చెడు చేయాలన్న తలంపు లేదు. పాత సూనల్లో చచ్చిన చీమ కాలి దగ్గరే ఉండేది. ఈ సూనల్లో దెబ్బ తగిలే మనిషి ఎక్కడో సముద్రపు ఒడ్డున ఉంటాడు, లేదా ఇంకా పుట్టనే లేదు.

‘మా ఒక్క ఇల్లు మారితే లోకం మారుతుందా?’ అన్న మాట ఇక్కడే వస్తుంది. దాన్ని సోమరితనం అని కొట్టేయడం సరికాదు. తత్త్వవేత్తలు దాని మీద తీవ్రంగానే వాదించుకున్నారు. బ్రిటిష్ తత్త్వవేత్త డెరెక్ పార్ఫిట్ 1984లో వచ్చిన ‘రీజన్స్ అండ్ పర్సన్స్’ గ్రంథంలో ఒక ఉదాహరణ ఇచ్చాడు. ఎడారిలో వేలమంది క్షతగాత్రులు దాహంతో పడి ఉన్నారు. అంతే సంఖ్యలో ఉన్న దాతల దగ్గర తలా ఒక చెంబెడు నీళ్ళున్నాయి. అందరూ ఒకే బండిలో పోస్తే ఆ నీళ్ళను క్షతగాత్రులందరికీ సమంగా పంచుతారు. ఒక దాత మానేస్తే ఏ ఒక్కరికీ తేడా తెలియదు, తలా తగ్గేది చుక్కంతే. అంతమాత్రాన అతను పోయడం వృథా అనగలమా? తేడా కంటికి కనబడకపోయినంత మాత్రాన లేనట్టు కాదని పార్ఫిట్ వాదం. సూనల లెక్కా అదే. చచ్చింది చీమే కదా అని శాస్త్రం ఊరుకోలేదు.

అయితే బాధ్యత ఉందని ఒప్పుకున్నాక తూకం నిజాయితీగా వేయాలి. చాలా ఇళ్ళలో అది తలకిందులుగా ఉంటుంది. 750 వాట్ల మిక్సీని పది నిమిషాలు తిప్పితే 90 గ్రాముల ఉద్గారం. రెండు కిలోవాట్ల గీజరు అరగంట వేస్తే 700 గ్రాములు. టన్నున్నర ఏసీ ఒక వేసవి రాత్రికి ఎనిమిది యూనిట్లు లాగితే ఐదున్నర కిలోలు, అంటే రెండు నెలల మిక్సీ వాడకంతో సమానం. ఖాళీ గదిలో లైటు వెలిగితే కోప్పడే ఇంట్లోనే దుప్పటి కప్పుకుని 18 డిగ్రీల్లో నిద్రపోతారు. ఉష్ణోగ్రతను ఒక్క డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని ప్రభుత్వ ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ చెబుతోంది. 2020 జనవరి నుంచి స్టార్ గుర్తున్న కొత్త ఏసీలు మొదట 24 డిగ్రీల దగ్గరే మొదలయ్యేలా నిబంధన వచ్చింది కూడా అందుకే. పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లు తింటే కొత్తరకం బీఎల్‌డీసీ మోటారు ఫ్యానుకు 30 చాలు. రోజుకు 15 గంటల చొప్పున ఏడాదంతా తిరిగితే ఒక్క ఫ్యాను మీదే 240 యూనిట్లకు పైగా మిగులుతాయి.

వంటింట్లో పెద్ద పాపం పొయ్యి దగ్గర కాదు, చెత్తబుట్ట దగ్గర జరుగుతోంది. భారతీయ ఇళ్ళలో మనిషికి ఏటా 55 కిలోల ఆహారం వృథా అవుతోందని ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024 నివేదికలో అంచనా వేసింది. పారేసిన అన్నం డంపింగ్ యార్డులో గాలి తగలకుండా కుళ్ళితే మీథేన్ పుడుతుంది. నూరేళ్ళ లెక్కన అది కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 28 రెట్లు వేడి పెంచే వాయువు. భూతయజ్ఞానికీ ఈ పారేయడానికీ పోలికే లేదు. ఆ యజ్ఞంలో ప్రాణులకు పెట్టే బలి అన్నం తినే ముందు తీసిపెట్టే ముద్ద, ఇది తినగా మిగిలి విసిరేసినది. బియ్యప్పిండి ముగ్గు చీమలకు తిండి, సంక్రాంతికి చూరుకు వేలాడదీసిన వరికుచ్చు పిచ్చుకలకు తిండి. బాల్కనీలో ఒక కంపోస్టు కుండీ పెట్టి తొక్కలూ, మిగిలిన కూరా అందులో వేసే ఇల్లు భూతయజ్ఞం వరుసలోకే వస్తుంది.

పంచయజ్ఞాలను పాపపరిహారం అన్నారు కాబట్టి ఒక ప్రమాదమూ ఉంది. నాలుగు మొక్కలు నాటి ఏడాదంతా యథేచ్ఛగా మండించవచ్చనుకోవడం ఆ మాటకు తప్పుడు అర్థం. రోజూ చేయమనడంలోనే దాని ఉద్దేశం తెలుస్తుంది. ఈ బాకీ ఒకేసారి కట్టి చేతులు దులుపుకునేది కాదు.

ఇంకో ముడి ఉంది. పాపం గృహస్థుకు అన్నారు గాని పొయ్యి, రోలు, చీపురు, కుండ తరతరాలుగా ఆడవాళ్ళ చేతుల్లోనే ఉన్నాయి. ఇప్పుడు పర్యావరణం పేరుతో తడిచెత్త, పొడిచెత్త వేరు చేసేదీ, పప్పు ముందే నానబెట్టేదీ, గుడ్డసంచి గుర్తుపెట్టుకునేదీ వాళ్ళే అయితే అది న్యాయం కాదు. కారు, ఏసీ, విమానం టికెట్లు, ఎక్కువ ఇళ్ళలో మగవాళ్ళు నిర్ణయించేవి ఇవే, అసలు బరువూ ఇక్కడే. అమెరికాలో ఉన్న కూతురి పురిటికి వెళ్ళొచ్చే తల్లి వాటాకు రానూపోనూ సుమారు రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్ పడుతుంది. భారతీయుడి సగటు ఏడాది వాటా అంతే. ఆ ప్రయాణం మానుకోమనే హక్కు ఎవరికీ లేదు. రెండు సార్లు వెళ్ళే బదులు ఒకేసారి వెళ్ళి ఎక్కువ రోజులుండడం మాత్రం ఇంట్లో కూర్చుని మాట్లాడుకోదగ్గ విషయం.

సూనల గురించి చెప్పిన మనుస్మృతి మూడో అధ్యాయంలోనే భోజనాల వరుసా ఉంది. కొత్తకోడళ్ళకు, పిల్లలకు, రోగులకు, గర్భిణులకు అతిథుల కంటే ముందే పెట్టాలి. సేవకులూ తిన్నాక, అందరి తరువాత ఇంటి దంపతులు మిగిలింది తినాలి. ఇప్పటి చల్లదనం పంపకంలో ఆ వరుస తలకిందులైంది. మే నెల రాత్రి విజయవాడలో ఏ అపార్టుమెంటు సెల్లార్‌లోకి దిగినా వాచ్‌మన్ కుటుంబం ఒక్క టేబుల్ ఫ్యాను ముందు చాప పరుచుకుని ఉంటుంది. పై అంతస్తుల ఏసీలు వదిలే వేడి వాళ్ళు పీల్చే బయటి గాలిలోకే చేరుతుంది.