పాటకు పెట్టిన బొంత

ద్వారకలో సత్యభామాదేవి వ్రతము పట్టి శ్రీకృష్ణునే నారదమహర్షికి దానమిచ్చిన వృత్తాంతము తెలియని తెలుగు గృహము ఉండదు. దానము పుచ్చుకొన్న మహర్షి ఆ స్వామిని ఏమి చేసెను? ముత్తరాజు సుబ్బారావుగారి ‘శ్రీకృష్ణ తులాభారము’ నాటకములో నడివీధిన నిలిపి బేరమునకు పెట్టెను. ఆ ఘట్టమునకు చందాల కేశవదాసుగారు కూర్చిన పాటను మైలవరము నాటకసమాజమువారు కృష్ణామండలమున వినిపించిరి. 1966లో చలనచిత్రము వచ్చిన తరువాత అది పల్లెపల్లెకు పాకెను. జగత్ప్రభువునకు వెల కట్టుట చూచి నవ్విన జనులే కన్నులు తుడుచుకొనిరి.

భగవంతునికో ధర్మకార్యమునకో ఇచ్చిన వస్తువును వేలమునకు పెట్టుట తగునా అని శంకించువారు ఈ కథను తలచుకొనవలెను. తిరుమలలో శ్రీవారికి భక్తులు సమర్పించిన వస్త్రములను దేవస్థానము నేడు ఈ-వేలములో విక్రయించుచున్నది. 1933 డిసెంబరులో గాంధీమహాత్ముడు హరిజననిధికై బెజవాడకు వచ్చెను. ఆ యాత్రలో తనకు వచ్చిన కానుకలను సభలలోనే ఆయన స్వయముగా వేలము వేయుచుండెను. మన భాషలో వేలమునకు ‘పాట’ అని పేరు. పలుకుటను ‘పాడుట’ అందుము. ధర్మమునకై పాడిన పాటకు ఆ మాట ఎంతో చక్కగా అమరినది.

వేలమునకు నగలు, వెండిపళ్లెములు ఇచ్చువారు కలరు. బొంత ఇచ్చువారి సంగతి వేరు. కట్టి కట్టి మెత్తబడిన నేతచీరలను ఉతికి ఎండబెట్టి, నాలుగైదు వరుసలుగా పరచి, అంచులు మడిచి, ఒక కొస నుండి మరియొక కొసకు చిన్న చిన్న కుట్లు వేయుచు పోవలెను. మిగిలిన చీర అంచు చుట్టును పట్టీగా అమరును. ఇంటిపని ముగిసిన తరువాత దొరకిన గడియలలోనే ఈ పని సాగును గనుక, ఒక బొంతకు నెలలు పట్టుట కలదు. పదార్థమునకు ఖర్చు లేదు. ఇచ్చునది కన్నుల వెలుగు, వ్రేళ్ల ఓపిక. అమెరికా దేశమున మెన్నొనైట్ క్రైస్తవ స్త్రీలు చట్రము చుట్టును కూర్చుండి బొంతలు కుట్టి, ఆర్తుల సహాయమునకై ఏటేట వేలము వేయించుచున్నారు. వారి దైవభాష వేరైనను సూదిభాష మన ముత్తవలకు తెలిసినదే.

ఇంద్రకీలాద్రికి పడమర, కృష్ణ ఒడ్డున నున్న భవానీపురమునకు బొంత విలువ వేరుగా చెప్పనక్కరలేదు. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడలో పెక్కు పేటలను ముంచినది. అదే సమయమున ప్రకాశం బ్యారేజి వద్ద కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పారినది. బురదనీరు త్రాగిన దూదిపరుపు మరల పరుపు కాదు. దానిని వీధిలో పారవేయవలసినదే. బొంతను మాత్రము ఉతికి దండెముపై ఆరవేసిన మరునాటికి మరల కప్పుకొనవచ్చును. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు ప్రాణములతో మిగిలినవారికి కట్టుబట్ట తప్ప ఏమియు మిగులలేదు.

అట్లయిన బొంతను పేదవానికే కప్పక పాటకు పెట్టుట ఎందుకని ప్రశ్న పుట్టును. ఇది త్రోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. వాకిట వణకుచు ఒకడు నిలిచియుండగా వేలము మాట తలపెట్టుట ధర్మము కానేకాదు. ఆ క్షణముననే కప్పవలెను. ఎదుట ఆ ఆర్తుడు లేనప్పుడు, కలవాని ధనమును లేనివాని వద్దకు చేర్చుటకు ఆ బొంతయే త్రోవ యగును. ఒకని చలిని మాన్పవలసిన బట్ట, కొన్నవాని చేతి సొమ్ముతో పదుగురికి బియ్యమో మందులో కాగలదు.

అసలు పరీక్ష కుట్టినామెకు వేరొకటి కలదు. సభలో వెనుక వరుసన కూర్చుండి ఆమె పాట వినుచుండును. ముందు వచ్చిన పట్టుచీరకు వేలు పలికెను. బొంత వంతు రాగానే సభ చల్లబడెను. ఎవరో నూరు అనిరి, మరియొకరు నూటపది అనిరి. నెలల రాత్రులకు నూటపది రూపాయలు! ఆమె గుండె కలుక్కుమనక మానదు. అమ్మమ్మ చీర ముక్క అందులో నున్నదని ఆ పాడువానికి తెలియదు. లేచి చెప్పవలెనని నోటివరకు వచ్చును. గీతాచార్యుడు పదునేడవ అధ్యాయమున సాత్త్వికదానమునకు చెప్పిన లక్షణము, అనగా ప్రతిఫలము కోరక తగిన చోట, తగిన వేళ, తగినవారికి ఇచ్చుట, పఠించునప్పుడు సులభము; ఈ నూటపది విన్నప్పుడు కఠినము. ధనము కోరని మనస్సు కూడ మెప్పును కోరును. మెప్పును ప్రతిఫలముగా చాలమంది లెక్కింపరు, అదియే చిక్కు.

పాడువానికిని పరీక్ష లేకపోలేదు. పదిమంది చూచుచున్నారని పాట పెంచినవాని సొమ్ముతోను ఆకలి తీరును, అన్నమునకు దాత మనస్సు తెలియదు. అయితే సత్యభామ త్రాసులో పోసిన బంగారమంతయు లేపలేని స్వామిని రుక్మిణి ఉంచిన తులసీదళము లేపినది. బంగారము తక్కువైనందున కాదు. ‘నాది’ అన్న బరువు దానిలో కలిసియుండుటచేత.

మూడవసారి పలికిన పిదప బొంతను మడచి కొన్నవాని చేతికిత్తురు. ఆమె లేచి ఇంటికి పోవును. పెట్టె అడుగున పాతచీరలు ఇంకను రెండున్నవి. వానిని ఎండలో వేయవలెను.