ఆ 94 మంది

నియంతృత్వమంటే ఒక్కడి మాట, ప్రజాస్వామ్యమంటే ఎక్కువమంది మాట అని హైస్కూలు సాంఘికశాస్త్రంలో మా పిల్లలు రాస్తారు, మార్కులూ పడతాయి. కానీ 1933 మార్చిలో, తనను అడగకుండా చట్టాలు చేసుకునే అధికారాన్ని జర్మనీ పార్లమెంటే హిట్లర్ ప్రభుత్వానికి రాసిచ్చింది. కమ్యూనిస్టు సభ్యుల్ని అసలు సభకే రానివ్వలేదు. చుట్టూ నాజీ దళాలు. అయినా 94 మంది వద్దన్నారు. 444 మంది సరేనన్నారు. ఎక్కువమంది మాటే నెగ్గింది మరి!

మా రాష్ట్రాల్లో మేం ఎప్పుడూ తక్కువమందిమే. అందుకే మా చూపు ఆ 94 మీద ఆగుతుంది. సుప్రీంకోర్టు తీర్పు వల్ల 2013లో ఒడిశా నియమగిరిలో బాక్సైట్ తవ్వాలా వద్దా అని అక్కడి 12 గ్రామసభలనే అడిగారు. పన్నెండూ వద్దన్నాయి. రాష్ట్రమంతా ఓటు పెట్టి ఉంటే తవ్వేవాళ్లేమో. దాన్నీ ప్రజాస్వామ్యమనే రాయమని పిల్లలకు ఎలా చెప్తాం?